ఫోన్లో బాపు, మూలకు అమ్మ

“ఓటెయ్యకుంటే బోటి లేదు” అనే మాట మొన్నటి ఎలక్షన్ల ముందు మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. బనియన్, లుంగీతో ఒక పెద్దాయన మంచం మీద దొర్లుతూ, ఓటెయ్యడానికి రానంటే రానని మొండికేస్తుంటాడు. ఆయన భార్య గరిటె పట్టుకుని వచ్చి ఆ మాట అంటుంది. ఆ పెద్దాయన మా బాపు. గరిటె పట్టుకున్నది మా అమ్మ. వీడియో తీసింది నేను.

నేను మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్‌ని. పాతబస్తీ జనం ఓటెయ్యడానికి రారని ప్రతి ఎలక్షన్‌కూ పేపర్లు రాస్తాయి, ప్రతి ఎలక్షన్‌కూ మా ఆఫీసుకు పైనుంచి చీవాట్లు పడతాయి. ఆసారి మా సారు కొత్త ఉపాయం పట్టుకొచ్చారు. “నీతులు చెప్తే ఎవడు వింటడమ్మా? నవ్వించాలె. చిన్న చిన్న కామెడీ వీడియోలు తీసి పెడదాం” అన్నారు. ఆర్టిస్టులకు ఇవ్వడానికి ఆఫీసులో పైసా లేదు కాబట్టి ఎవరింటి మనుషులను వాళ్ళే తెచ్చుకోవాలి. మా పక్క సీటాయన తన బావమరిదికి ఈవీఎం ఆకారంలో అట్టపెట్టె తొడిగి డాన్స్ చేయించాడు. దాన్ని ఆ బావమరిది తప్ప ఎవరూ చూసినట్టు లేదు. నేను మా బాపును అడిగాను.

బాపు కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్తంభాలెక్కి ఎక్కి మోకాళ్ళు అరిగాయి గానీ నోరు మాత్రం అరగలేదు. అడగడమే ఆలస్యం, “నాకు డబల్ యాక్షన్ ఉంటదా?” అన్నాడు. ఆదివారం పొద్దున మాదన్నపేటలో మా రెండు గదుల ఇంట్లోనే షూటింగ్ పెట్టుకున్నాం. పొయ్యి మీద నిజంగానే బోటి ఉడుకుతోంది. మా ఇంట్లో మేక బోటి, అంటే పేగుల కూర, లేకపోతే అది ఆదివారం కిందికి రాదు. నేను రాసిచ్చిన ప్రకారం అమ్మ ముందు దిండు లాగాలి, తర్వాత ఫ్యాన్ బంద్ చెయ్యాలి, బాపు సాకులు చెప్పి చెప్పి చివరికి లేవాలి. కానీ బాపుకు నవ్వు ఆగదు. దిండు లాగినప్పుడల్లా పకపకా నవ్వి షాటు చెడగొట్టాడు. తీసిందే తీస్తుంటే అవతల కూర అడుగంటుతోంది. అమ్మకు అరికాలి మంట నెత్తికెక్కి, గరిటెతో వచ్చి, “ఓటెయ్యకుంటే బోటి లేదు, పో!” అంది. అది నేను రాసిన మాట కాదు. బాపు ఉలిక్కిపడి లేచి, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అమ్మ చెప్పు వేసుకుని బయటికి ఉరికాడు. అదీ నేను రాసింది కాదు.

నిజానికి మా ఇంట్లో కథ తలకిందులు. పోలింగ్ రోజు తెల్లారకముందే లేచి, తలస్నానం చేసి, ఇస్త్రీ అంగీ వేసుకుని అమ్మను లేపేది బాపే. బూత్‌లో మొదటి ఓటు తమ ఇద్దరిదీ కావాలని ఆయన పంతం. “జర పండుకోనియ్యి, ఓట్లేమన్న పారిపోతయా” అని దుప్పటి ముసుగుతన్నేది అమ్మ. వీడియోలో బాపు చెప్పిన సాకులన్నీ అమ్మ దగ్గర నేర్చినవే.

వీడియో పెట్టిన వారానికే మా గతి మారిపోయింది. మాదన్నపేట మార్కెట్‌లో కూరగాయలవాళ్ళు అమ్మను చూసి “బోటమ్మా, ఇటు రాండ్రి” అని పిలిచేవాళ్ళు. అమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. బాపు మాత్రం కొత్తిమీర కట్ట కోసం ఒకసారి, పచ్చిమిరపకాయల కోసం ఒకసారి, ఏమీ అక్కర్లేకపోయినా ఒకసారి మార్కెట్‌కు పోయేవాడు. నయాపూల్ దగ్గర ఒక షాపాయన బాపుతో ఫోటో దిగి చాయ్ తాగించాడట. ఆ సంగతి రెండు రోజులు చెప్పాడు.

తర్వాత ఒక పొద్దున చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, ఛాతీ పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. పోలింగ్‌కు ఇంకా నెల కూడా లేదు.

మా వాళ్ళలో భర్త పోయినామెను మూలకు కూర్చోబెడతారు. లోపలి గదిలో ఒక మూలన చాప వేస్తారు. ఆమె అక్కడే కూర్చోవాలి, అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. ఇంకెవరూ లేవకముందే స్నానం కానిచ్చుకుని మళ్ళీ వచ్చి మూలకే చేరాలి. పొద్దున్నే ఎవరూ ఆమె ముఖం చూడకూడదు. గడప దాటకూడదు. పుట్టింటివాళ్ళు కొత్త చీరతో వచ్చి, తమ ఇంటికి తీసుకుపోయి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపితే అప్పుడు మూల తీరుతుంది. దాన్ని నిద్ర చేయించడం అంటారు. పుట్టిల్లు ఉన్నవాళ్ళకు అది కొన్నాళ్ళలో అయిపోతుంది.

అమ్మకు పుట్టిల్లు లేదు. అమ్మమ్మా తాతయ్యా నా చిన్నప్పుడే పోయారు. ఉన్న ఒక్క మామ కరోనాలో పోయాడు, ఆయనకు పెళ్ళాం పిల్లలు లేరు. ఈ చిక్కును తేల్చింది మా మేనత్త, అంటే బాపు అక్క. సైదాబాద్‌లో ఉంటుంది. బాపు పోయిన రోజు సంచి సర్దుకుని వచ్చి మా ఇంట్లో దిగింది, ఇక ఆమె మాటే చట్టం. “తోల్కపోయెటోళ్ళు లేకుంటె సంవత్సరీకం దాక కూసోవాలె. ఏం జేస్తం, దాని నొసట గట్ల రాసున్నది” అని తీర్పు చెప్పింది.

ఏడాది! నాకు ఒళ్ళు మండిపోయింది. “నేను తీసుకుపోతా కదా” అన్నాను. “నువ్వెట్ల తీస్కపోతవే? నువ్వు ఈ ఇంటిదానివి. పుట్టింటిదానివా?” అంది అత్త. పెళ్ళి కాని కూతురు తల్లికి ఏమీ కాదని ఆ రోజు తెలిసింది. నా పెళ్ళి సంగతి మీరు అడగకండి. బాపును ఎత్తుకుపోయిన రోజు కూడా అడిగినవాళ్ళున్నారు.

అమ్మ మాత్రం మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, వీపు గోడకు ఆనించి కూర్చుంది. గల్లీలో పోయేవాళ్ళకు ఆమె కనబడకూడదని అత్త కిటికీ రెక్కలు మూయించింది. గాలి లేదు. బాపు ఫోటో ముందు దీపం, అగరుబత్తీల పొగ, నలుగురు చుట్టపు ఆడవాళ్ళు, చెమట. నేను ఆఫీసుకు సెలవు పెట్టి ఆ గదికి కాపలా కుక్కలా గుమ్మంలో కూర్చునేదాన్ని. ఎవరు వచ్చినా అమ్మను పట్టుకుని శోకాలు పెట్టేవాళ్ళు. అమ్మ కంట్లో మాత్రం నీళ్ళు రాలేదు. దానికీ గుసగుసలు.

ఇక ఫోన్. ఒకపక్క “ఓం శాంతి” అని మెసేజ్‌లు వస్తుంటే ఇంకోపక్క అదే వీడియో మళ్ళీ మళ్ళీ వచ్చి పడేది. బాపు పోయిన సంగతి తెలియని స్నేహితులు, తెలియని వాళ్ళ స్నేహితులు, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకునే బొమ్మలు. నేను నా ఫోన్‌లోంచి తీసేశాను. తీసేసిన పూటే మూడు గ్రూపుల్లో మళ్ళీ వచ్చింది. పక్కింటి గోడ అవతల ఎవరి ఫోన్‌లోనో బాపు నవ్వు. కిరాణా కొట్టుకు పోతే అక్కడ బాపు నవ్వు. గల్లీలో పిల్లలు పతంగులెగరేస్తూ “ఓటెయ్యకుంటే బోటి లేదు” అని కేకలు. చనిపోయిన మనిషిని మరిచిపోలేకపోవడం అందరికీ ఉంటుంది. మమ్మల్ని మాత్రం మరిచిపోనివ్వకూడదని ఊరంతా పనిపెట్టుకున్నట్టుంది.

సారుకు ఫోన్ చేసి ఆ వీడియో తీసేయమని బతిమాలాను. “నీ బాధ నాకు అర్థమైందమ్మా. కానీ మన సర్కిల్ పేరు పై ఆఫీసుల ఇట్ల ఎన్నడన్న ఇన్నమా? నేను తీసేసినా ఏం ఫాయిదా, అది ఇప్పుడు ఎవరి చేతుల లేదు. పోలింగ్ దాక జర ఓర్చుకో” అన్నారు. మంచి మనిషే. బాపు పాడె మోసినవాళ్ళలో ఆయనా ఒకరు.

దినాల నాడు గల్లీలో షామియానా వేసి భోజనాలు పెట్టాం. రెండో బంతి కూర్చుంది. అప్పుడు గల్లీ మొగదల నుంచి, వెనక పెద్ద టీవీ బిగించిన వ్యాన్ ఒకటి మెల్లగా లోపలికి వచ్చింది. మా ఆఫీసుదే. ఓటర్లను చైతన్యపరిచే బండి. షామియానా అడ్డం ఉండడంతో సరిగ్గా మా గుమ్మం ముందు ఆగింది. “నా ఒక్క ఓటుతోని ఏం ఒరుగుతదే? జర పండుకోనియ్యి” అంటూ బాపు గొంతు గల్లీ గల్లీకంతా వినబడింది. ఇస్తరాకుల ముందు చేతులు ఆగిపోయాయి. తర్వాత ఒక చిన్న పిల్ల కిసుక్కున నవ్వింది. దాన్ని చూసి వాళ్ళమ్మ నవ్వింది. బాపుతో ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కిన ఒకాయన నోట్లో అన్నం పెట్టుకుని నవ్వాపుకోలేక, ఏడుపాపుకోలేక పొలమారి దగ్గుతున్నాడు.

నేను ఉరికిపోయి డ్రైవర్ తలుపు మీద కొట్టాను. “బంద్ చెయ్ భయ్యా! చావు ఇల్లు కనబడ్తలేదా?” అతను టీవీలో ఉన్నది ఎవరో, షామియానా ఎవరిదో పోల్చుకోలేదు పాపం. “గల్లీకి పది నిమిషాలు పెట్టాలని ఆర్డర్ అక్కా. పెట్టకుంటె నా పైసలు కట్ జేస్తరు” అన్నాడు. ఇంతలో లోపల్నుంచి అమ్మ పిలిచింది. అన్ని రోజుల్లో అమ్మ గొంతెత్తి పిలవడం అదే. పోయి చూస్తే మూసి ఉన్న కిటికీ రెక్కకు చెవి ఆనించి కూర్చుంది. “ఉండనియ్యి బిడ్డా. జర పెద్దగ పెట్టమను” అంది.

నేను డ్రైవర్‌కు ఆ మాట చెప్పలేదు, ఆపమనీ మళ్ళీ చెప్పలేదు. బండి తన పది నిమిషాలు ముగించుకుని పోయింది. ఆ తర్వాత రెండు రోజులకోసారి వచ్చేది. వచ్చే వేళకు అమ్మ కిటికీ వైపు జరిగి కూర్చునేది. నేను వంటింట్లోకి పోయి నల్లా తిప్పి గిన్నెలు తోమేదాన్ని. ఆమెకు ఆ గొంతు కావాలి, నాకు వద్దు. ఇద్దరం ఉన్నది రెండే గదుల్లో.

ఒక మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా అమ్మ మెల్లగా అడిగింది, “ఓట్లు ఎన్నడే?” అని.

“వచ్చే వారం.”

“నేను పోత.”

నేను సరిగ్గా విన్నానా అని ముఖంలోకి చూశాను. “ఓటెయ్యడానికా?”

“మరి? లేపెటోడు లేడని పండుకుంటనా?”

అంతే అంది. ఇంకే కారణమూ చెప్పలేదు. ఆ రోజు నుంచి నాకు ఒకటే ధ్యాస. ఆమె ఓటు ఎవరికి పడితే నాకేం, ఆ గడప దాటితే చాలు.

అత్తకు చెబితే ఇంటి కప్పు లేచిపోయింది. “మూలకున్నదానికి ఓటేంది? పొద్దుగాల పొద్దుగాల ముండమోపి ఎదురొస్తె ఎవలకన్న మంచిగైతదా? లోకం ఉమ్మేస్తది!” తాను కూడా ముప్పై దాటకుండానే ఆ పేరు మోసిన మనిషి. ఆమె నోట ఆ మాట వింటే నాకు కోపం రావాలో జాలి రావాలో తెలియలేదు. కోపమే వచ్చింది. “ఓటు హక్కు అత్తా, సర్కారు ఇచ్చింది” అన్నాను. “సర్కారు వచ్చి నీ ఇంట్ల దీపం పెడ్తదా?” అంది.

ఆమె ఒక్కతే అలా అంటే ఏదోలే అనుకోవచ్చు. ఓటరు చీటీలు పంచడానికి వచ్చిన పార్టీ మనిషి నా చేతిలో చీటీలు పెట్టి, “అక్కా, అమ్మ ఓటు తప్పకుండ మనకే వెయ్యాలె. కానీ జర పొద్దెక్కినంక తోల్కరా. పొద్దుగాల మా క్యాండిడేట్ అన్న ఆడికే వస్తడు ఓటుకు. సెంటిమెంట్ మనిషి” అన్నాడు. ఓటు కావాలట, ముఖం వద్దట. నేను తలుపు వేసేశాను.

మాకు గోడ పక్కనే, నేను ఖాలా అని పిలిచే ఆమె ఇల్లు. మగ్గం పని చేస్తుంది, జాకెట్ల మీద పూసలు, జరీ కుడుతుంది. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో అన్నం, పప్పు ఆమె ఇంటి నుంచే వచ్చాయి. అత్త మొదటి రెండు రోజులు ఆ అన్నం ముట్టలేదు. మూడో రోజు పప్పు పులుపు బాగా కుదిరిందని మారు వడ్డించుకుంది. ఖాలాకు నేను గోడ మీదుగా సంగతి మొత్తం చెప్పాను. మర్నాడు ఆమె దుపట్టా సర్దుకుని వచ్చి అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది.

“పుట్టింటోళ్ళు లేరని ఎవరన్నరు అమ్మా? నేను సచ్చిన్నా?” అంది.

“నువ్వెట్ల పుట్టింటిదానివైతవ్?” అంది అత్త.

“ముప్పై ఏండ్ల సంది ఆమెను అక్క అంటున్న. ఆమె నన్ను చెల్లె అంటది. ఈ పోరి నన్ను ఖాలా అంటది. ఖాలా అంటే అమ్మ చెల్లె. మరి నేను పుట్టింటిదాన్ని కాకుంటె ఆమె అత్తగారింటిదాన్నా? చెప్పుండ్రి.”

ఇప్పుడు అత్త నోట ఏం మాట వస్తుందోనని నేను పళ్ళు బిగించాను. అమ్మ కూడా తలెత్తి చూసింది. అత్త వేలితో మా రెండిళ్ళ మధ్య గోడ చూపించింది. “గదంత సరే. కానీ మీ ఇల్లు గోడకే ఉన్నది కదా. నిద్రకు పోతె గల్లీ దాటాలె, పెద్ద రోడ్డు దాటాలె. గోడ పక్కన పండుకుంటె గది నిద్ర ఎట్లైతది?” అంది. నాకు నవ్వొచ్చింది. మతం అడ్డం రాలేదు, దూరం చాలలేదు!

“మా అమ్మీ ఇల్లు మలక్‌పేట్ల ఉన్నది. రేస్‌కోర్స్ దిక్కు. పెద్ద రోడ్డు దాటాలె, సిగ్నల్ గూడ దాటాలె. చాలదా?” అంది ఖాలా.

చాలింది. అయితే పొద్దు వాలాకే బయల్దేరాలని, ఎవరికీ ఎదురు రాకూడదని, దారిలో ఎక్కడా ఆగకూడదని అత్త షరతులు పెట్టింది. ఖాలా అన్నింటికీ తలూపింది. తర్వాత మెల్లగా, “పోయేది గురువారం, ఓట్ల రోజు. దారిల్నే బడి ఉన్నది, ఆడ ఓట్ల లైన్ ఉంటది” అంది.

“ఆగొద్దంటి కదా!”

“ఆగుడెందుకమ్మా? లైన్ నడుస్తనే ఉంటది.”

అత్త ఖాలాను చూసింది, నన్ను చూసింది. “మీ పాపం మీకే” అని జపమాల అందుకుంది. మా ఇంట్లో దాని అర్థం సరేనని.

పోలింగ్ రోజు నేను పొద్దున్నే నా ఓటు వేసి, ఆఫీసు పని చూసుకుని మూడింటికి ఇల్లు చేరాను. ఖాలా కవరు పట్టుకుని వచ్చింది. ఎలక్షన్ రోజు ఏ రంగు కట్టినా ఏదో ఒక పార్టీది అయిపోతుందని షాపంతా తిరగేసి, నెమలికంఠం రంగు చీర ఎంచింది. జరీ అంచు తానే కుట్టింది. చీర తీసి చాప మీద పెట్టింది. దాని మీద, అదే రంగు గాజుల డబ్బా పెట్టింది.

అత్త వేళ్ళ మధ్య జపమాల ఆగిపోయింది. అక్కకు చీర పెడితే గాజులు పెట్టకుండా ఎలా ఉంటారు? ఖాలా వాళ్ళలో అది లేకపోతే పెట్టినట్టే కాదు. మా వాళ్ళలో అమ్మ చేతి గాజులు పగలగొట్టి నెల కూడా కాలేదు. ఖాలా మా ముఖాలు చూసి, తన చేతులు చూసుకుని, “హాయ్ అల్లా” అని నోటి మీద కొట్టుకుంది. డబ్బా వెనక్కి తీసుకోబోతుంటే అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “ఉండనియ్యి. నువ్వు తెచ్చినవ్ కదా” అని గాజుల డబ్బా తీసి తన దిండు కింద పెట్టుకుంది. చీర మాత్రం ఒళ్ళోకి తీసుకుంది.

“గా రంగు చీరనా?” అంది అత్త.

“పుట్టింటి చీర కాదనొద్దని మీరే అంటరు కదా వదినా” అంది అమ్మ.

తాను చెప్పిన నియమమే తనకు అడ్డం వచ్చి అత్త గోడ వైపు తిరిగి కూర్చుంది. అమ్మ ఆ చీర కట్టుకుని, నుదురు దాకా కొంగు కప్పుకుని గడప దాటింది. సాయంత్రపు ఎండ పడి కళ్ళు చికిలించింది. అన్నాళ్ళు కూర్చున్న కాళ్ళు తిమ్మిరెక్కి ఆటో ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుంది. ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది.

బడి దగ్గర ఆడవాళ్ళ లైను గేటు దాకా ఉంది. బూత్ మూసే వేళ దగ్గర పడుతోందని అందరూ తొందరగా ఉన్నారు. అమ్మను ఖాలా, నేను ఇటూ అటూ పట్టుకుని చివర నిలబడ్డాం. రెండు నిమిషాలు గడవలేదు, ఎవరో వెనక్కి తిరిగి చూసి, “అరే, బోటమ్మ!” అంది. ఇక లైనంతా తిరిగింది. “అమ్మా, మీ వీడియో చూసే నేను ఇంట్లకెల్లి వచ్చిన” అంటూ ఒకామె చెయ్యి పట్టుకుంది. “డైలాగు ఒక్కసారి చెప్పుండ్రి అమ్మా” అంటూ ఇంకొకామె. నిగనిగలాడే కొత్త చీర, నుదుటి మీదికి కొంగు. లేని బొట్టు ఎవరికీ కనబడలేదు. గేటు అవతలి ఆడవాళ్ళు కూడా ఫోన్లు ఎత్తి పట్టారు.

మా ముందు చంకలో పిల్లతో ఒకామె ఉంది. ముఖం చూస్తేనే మంచి మనిషని తెలుస్తుంది. అమ్మ వెనక, నా వెనక వెతికి చూసి, చనువుగా అడిగింది. “బాపు ఏడమ్మా? ఇంక పండుకునే ఉన్నడా?”

ఖాలా “చుప్, చుప్” అని సైగ చేస్తోంది, ఆమె చూడలేదు. అమ్మ ఆమె వైపు తిరిగింది.

“పండుకున్నడు బిడ్డా. ఎంత లేపినా లేస్తలేడు. అందుకే నేనే వచ్చిన.”

లైనంతా గొల్లుమని నవ్వింది. ఆ పిల్ల తల్లి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. “ఇంటికి పోయి బోటి పెట్టకుండ్రి అమ్మా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు. అరిచి చెబుదామనిపించింది, ఆయన లేడు, చచ్చిపోయాడు, నవ్వకండి అని. అమ్మ నా మణికట్టు గట్టిగా నొక్కింది. తన మొగుడు పోయాడన్న సంగతి తన నోటితో ఆమె మొదటిసారి బయటపెట్టింది అప్పుడే. దాన్నీ జనం కామెడీ అనుకున్నారు. ఎవరో అది కూడా ఫోన్‌లో పట్టారు. దీపాలు పెట్టే వేళకు అదీ తిరగడం మొదలైంది.

అమ్మ లోపలికి పోయింది. ఖాలా ఓటు కూడా ఆ బూత్‌లోనే కాబట్టి వెనకే పోయింది. నేను గేటు బయట ఆటో దగ్గర నిలబడ్డాను. ముందు ఖాలా బయటికి వచ్చి ఆటోలో కూర్చుంది. అమ్మ గేటు దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. ఒక పక్కకు జరిగి, గోడ దగ్గర నిలబడింది. కాళ్ళు నొప్పి పుట్టాయేమో అనుకున్నాను. లోపలికి పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఆమెను చూసి నవ్వి పోతున్నారు. ఆమె ఎవరినీ చూడడం లేదు. పొద్దు గుంకింది. “దారిల ఆగొద్దన్నరు కదా అక్కా, రా” అని ఖాలా పిలిచింది. అమ్మ ఇంకా కాసేపు అలాగే నిలబడి, తర్వాత వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది.

ఆటో మార్కెట్ దాటాక అడిగాను. “గేటు కాడ ఎందుకు నిలవడ్డవమ్మా?”

అమ్మ సిరా పూసిన వేలిని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది.

“మీ బాపు ఓటేసి నాకంటె ముందుగాల బయటికొచ్చి, గాడనే నిలవడుతుండె. నేను రాంగనే, ఎవరికేసినవే అని అడుగుతుండె. ప్రతిసారి. ఇంటికొచ్చిందాక అడుగుతనే ఉంటుండె. నేను చెప్పకపోతుంటి. ఏడిపియ్యాలని. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ చెప్పలే బిడ్డా.” వేలి మీది సిరాను బొటనవేలితో రుద్దింది. “ఇయ్యాల చెప్దామని నిలవడ్డ.”

అప్పుడు ఏడ్చింది. బాపు పోయాక మొదటిసారి, కొంగు నోట్లో కుక్కుకుని, ఖాలా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఆటో అతను అద్దంలోంచి ఒకసారి చూసి ముందుకు తిరిగాడు. ఖాలా ఆమె తల నిమురుతూ కూర్చుంది. ఓటు ఎవరికేసిందో మేమిద్దరం అడగలేదు. అది మాకు చెప్పాల్సింది కాదు.